మే ఐ కమిన్, సార్?

“మే ఐ కమిన్, సార్! గిదే కరెక్టు,” అంటూ జగదీశ్వర్ సార్ బోర్డు మీద ‘మే’ కింద గీత గీశాడు. ఆ విసురుకు సుద్దముక్క రెండయింది. “గడప కాడ నిలబడి క్యాన్ అంటే, లోపలికి వచ్చుడు నాకు చేతనైతదా అని అడిగినట్టు. గది పర్మిషన్ అడుగుడెట్లయితది?”

వెనక బెంచీలో కూర్చున్న అరుణజ్యోతి టీచర్ లేచి నిలబడింది.

“ఇప్పుడు గట్లెవరంటుండ్రు సార్? ఫోన్లల్ల, టీవీల అందరూ క్యాన్ అనే అంటుండ్రు. ఖేడ్ టౌన్ల ప్రైవేటు బడి పిల్లలు సుత గంతే.”

“అందరూ తప్పంటే ఒప్పైతదా?”

“రోజూ అందరూ అంటే అయితది సార్. భాష మన కోసం ఆగుతదా?”

సార్‌కు ఒళ్లు మండింది. కంగ్టి దారిలోని ఆ ఊరి బడికి వచ్చిన నాటి నుంచి ఈ ఒక్క మాట దగ్గర ఆయన ఎవరినీ వదల్లేదు. సరిగ్గా అడిగేదాకా ఎండలో నిలబెట్టేవాడు. ‘మే సార్’ అని ఊరంతా ఆయనకు పేరు కూడా పెట్టింది.

“సారూ, ఇయ్యాల పొయ్యి ముట్టియ్యాల్నా?” వంటమనిషి కాశమ్మ తలుపు దగ్గరికి వచ్చి అడిగింది.

“ఆగు కాశమ్మా, చూస్తలేవా?” అని కసిరాడు సార్. ఆమె గొణుక్కుంటూ మెట్టు మీద కూలబడింది.

అరుణజ్యోతి గొంతు తగ్గించింది. “మీ రూల్స్ మంచియే సార్. కానీ తల్లిదండ్రులకు గలగల మాట్లాడే ఇంగ్లీషు కావాలె. ప్రైవేటు బడుల పసుపు బస్సుల దిక్కు చూస్తుండ్రు. మనం మారకుంటే బడి మూస్తరు.”

మూస్తారన్న మాటకు ఆయనకు ఇన్నేళ్ల పట్టుదల ఎందుకూ పనికిరాలేదనిపించి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అరచేత్తోనే ‘మే’ తుడిచేసి ‘క్యాన్’ అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి.

“సరేనమ్మా, నువ్వే గెలిచినవ్. గట్లనే అననీ. అసలేం అడగకున్నా మంచిదే, లోపలికొచ్చి కూసుంటే సాలు.”

అరుణజ్యోతికి గెలిచిన సంతోషమే లేదు. తల దించుకుని బెంచీ మీది దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది. టైం కావడంతో సార్ తనే వెళ్లి ఇంటర్వెల్ గంట కొట్టి, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ బడిలో పిల్లలే లేరు.