మూడు గంటల దారి

ఆ రెండు ఊళ్ల మధ్య సముద్రం తప్ప మరేమీ లేదు. విమానంలో మూడు గంటల దారి. విమానాశ్రయం విచారణ కౌంటర్లో కూర్చునే ఆమెకు ఆ లెక్క నోటికి పట్టేసింది. ఫోన్ మోగితే చాలు, నిద్రలోనైనా అప్పజెప్పేస్తుంది.

ఆ రాత్రి ఎవరో పెద్దాయన ఫోన్ చేశాడు. "విమానం బయల్దేరి గంటేగా అయింది? మా తమ్ముడు అప్పుడే ఇంటికొచ్చేశాడేంటమ్మా?"

"వేరే విమానంలో వచ్చుంటారండీ," అని నవ్వేసిందామె. అక్కడినుంచి రోజుకు ఒక్కటే విమానమని ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

మళ్లీ మోగింది. ఈసారి ఎవరింటి కోడలో. "మా అత్తగారు వచ్చేశారండీ. తడిసి ముద్దయిపోయున్నారు. పిలిస్తే పలకట్లేదు."

బయట చుక్క వాన లేదు. బోర్డు మీద మాత్రం 'సమయానికే వస్తోంది' అని పచ్చగా వెలుగుతోంది. ఆమె భర్త కూడా అందులోనే వస్తున్నాడు.

మూడోసారి మోగింది. కూతురు.

"అమ్మా, నాన్నొచ్చేశాడు! కిటికీలోంచి చూశా. నిలువెల్లా నీళ్లోడుతున్నాడు. తలుపు తియ్యనా?"

వద్దని అరవబోయింది. అలవాటుపడ్డ నోరు మాత్రం పాఠం మొదలెట్టింది. "విమానం రావడానికి ఇంకా రెండు గంటలు పడుతుందండీ..."

"అదేంటమ్మా, వచ్చేసి గుమ్మంలో నుంచుంటేనూ!" కూతురు పకపకా నవ్వింది.

ఆ నవ్వు వెనకాలే, గడియ తీసిన చప్పుడు.