రెండో పూత

నారు కట్ట మడిలో వదిలేసి సాయమ్మ గట్టెక్కింది.

చేతులు కడుక్కుంది. సంచిలోంచి ట్యూబు తీసి ముఖానికి క్రీము పూసుకోసాగింది.

"మల్లనా? పొద్దుగాల పూసుకున్నవ్ గదా!" అని కేకేసింది ధనలక్ష్మి.

"మూడు గంటలకోసారి పూయాల్నట అక్కా. మందుల షాపాయన చెప్పిండు."

"మబ్బు పట్టింది. ఎండ యాడుంది?"

"మబ్బున్నా, సలికాలమైనా పూయాల్నట. అట్లయితేనే ముఖం ముదరదట."

నాటు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు.

"ఈ వయసుల నీకు హీరోయిన్ వేషం ఇస్తమన్నరా ఏందే?" అంది జంగమ్మ. "ఎవలికోసం గీ సోకు?"

"మా ఆయన కోసం."

నవ్వులు పక్క మడి దాకా వినిపించాయి.

ధనలక్ష్మి నవ్వలేదు. ఆమె గుంపుకు పెద్ద. కోదాడ కూలీల అడ్డా మీద పదిమందిని పోగుచేసి చిలుకూరు పొలాల్లో నాట్లు గుత్తకు పట్టేది. ఒకరు గట్టెక్కితే ఆ వరస మిగతా తొమ్మిదిమంది నాటాలి. సాయమ్మ గుంపులో చేరి వారమే అయింది.

ధనలక్ష్మి వచ్చి ట్యూబు లాక్కుంది.

"నాట్లు ఖతమైనంక ఇస్త."

"మూడు దినాల కూలి పెట్టి కొన్న అక్కా. ఇంకోటి కొనలేను. పొద్దుగాల ఒక్కసారన్న పూసుకోనియ్యి."

"పని కావాల్నా, క్రీము కావాల్నా?"

సాయమ్మ మడిలోకి దిగింది.

అది 2009 ఆగస్టు. మర్నాటి నుంచి మబ్బు లేదు. పైనుంచి ఎండ, కిందినుంచి మడి నీళ్ల మీది ఎండ. మూడు వారాలకు సాయమ్మ చెంపలకు నల్లటి మంగు పట్టింది. తర్వాత నుదుటికీ వచ్చింది.

"ఇగ మా లెక్కనే అయినవ్," అంది జంగమ్మ.

సాయమ్మ కొంగు ముఖానికి చుట్టుకుంది.

రెండెకరాలు మిగిలి ఉండగా ఆమె రావడం మానేసింది. రెండు రోజులు చూసి ధనలక్ష్మి ఆమె కిరాయి గది వెతుక్కుంటూ వెళ్లింది. ఇస్తే వస్తుందని ట్యూబు వెంట తీసుకెళ్లింది.

గడపలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. చెవి నుంచి నడినెత్తి దాకా కుట్ల మచ్చ.

"సాయమ్మ ఉన్నదా అన్నా?"

"పనికి పోయింది. ఇంక రాలే."

"ఎప్పుడు పోయింది?"

"ఏమో చెల్లె. లారీ గుద్దినకాంచి నాకు ఏదీ యాదుండది. మా సాయమ్మ ముఖం ఒక్కటే యాదుంటది."

జేబులోంచి ఫోటో తీసి చూపించాడు. లారీ గుద్దకముందు ఇద్దరూ దిగిన ఫోటో. గుంపులో చేరిన రోజు సాయమ్మ ముఖం అచ్చం అలాగే ఉంది.

"మరి అన్నం ఎవలు పెడుతున్నరు?"

అతను లోపలికి చూసి గొంతు తగ్గించాడు.

"ఎవలో ముసలామె. నాకు తెల్వది. పొమ్మంటే ఏడుస్తది."

ధనలక్ష్మి ట్యూబును కొంగు కింద దాచుకుంది.

పొయ్యి దగ్గరి నుంచి సాయమ్మ కంచం తెచ్చి అతని ముందు పెట్టి, "మీ ఆమె వస్తదయ్యా, అప్పటిదాక జర తినుండ్రి," అంది.