రంగు పడని వీధి

"ఇక మిగిలింది ఆ ఒక్క వీధే కదా నాయనా, పద. ఎండెక్కకముందే వెళ్ళొద్దాం," అంది టైలరమ్మ చెప్పులు తొడుక్కుంటూ.

డ్రైవరు తలెత్తి గోడ వంక చూశాడు.

ప్రార్థన మందిరం గోడకి ఊరి పటం వేలాడుతోంది. మూడేళ్ళుగా సంఘంలోని వాళ్ళు శనివారం శనివారం ఇద్దరిద్దరుగా బయల్దేరి, ఒక్కో వీధీ నడిచి, అక్కడి ఇళ్ళ కోసం ప్రార్థన చేసి, తిరిగొచ్చి పటంలో ఆ వీధికి ఆకుపచ్చ రంగు వేస్తున్నారు. ఊరంతా పచ్చబడింది. రైలు గేటు వీధి ఒక్కటే తెల్లగా ఉండిపోయింది. టైలరమ్మ కొడుకుని ఏదో వ్యాను గుద్దేసి వెళ్ళిపోయింది అక్కడే. ఆవిడ బాధపడుతుందని ఇన్నాళ్ళూ ఎవరూ దాని ఊసెత్తలేదు.

"వేరే ఎవరినైనా పంపిస్తాలెండమ్మా," అన్నారు పాస్టరు గారు. "పటం పూర్తయిందని రేపు ఆరాధనలో చెబుదామనుకున్న మాట నిజమే. అంతమాత్రాన మీరే వెళ్ళక్కర్లేదు."

"నేనే వెళ్తానండీ. డ్రైవరు తోడున్నాడుగా. ఏం నాయనా, కాళ్ళు నొప్పులా?"

"లేదమ్మా," అన్నాడు డ్రైవరు. ఇంకేమంటాడు? ఆ వ్యాను నడిపింది అతనే మరి.

ఆ తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంది. వ్యాను నిండా పాల ట్రేలు. మలుపులో సైకిలు కనబడేసరికే జరగాల్సిందంతా జరిగిపోయింది. దిగి, వంగి చూశాడు. తమ సంఘం కుర్రాడే. కళ్ళు తెరిచి తన వంకే చూస్తున్నాడు. ఎత్తి వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాల్సింది. తీసుకుపోలేదు. భయం ముంచుకొచ్చి పారిపోయాడు. తర్వాత ఎవరో చేర్పిస్తే రెండు రోజులున్నాడు పాపం. స్పృహ రాకుండానే పోయాడని టైలరమ్మ అందరికీ చెప్పింది. ఆ మాట విని డ్రైవరు హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఇవాళ్టికీ తన మొహం తనకే అసహ్యం.

ఆపైన స్టీరింగు ముట్టలేదు. కళ్ళు మసకలని చెప్పి ఒక బడి గేటు దగ్గర కాపలాకి కుదిరాడు. డ్రైవరు అనే పిలుపు మాత్రం వదల్లేదు.

కొన్నాళ్ళకే పాస్టరు గారు ఈ నడక మొదలుపెట్టారు. "ప్రతి ఊరికీ దేవుడొక పని అప్పగిస్తాడు. మన ఊరికిచ్చిన పని ఆశ్రయమివ్వడం," అనేవారాయన. "పూర్వం, పొరపాటున ప్రాణం తీసినవాడు పరిగెత్తుకెళ్ళి తలదాచుకోడానికి కొన్ని ఊళ్ళుండేవి. ఊరి గుమ్మంలో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పుకుంటేనే లోపలికి రానిచ్చేవారు." అది విన్నప్పుడల్లా డ్రైవరుకి ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. అది చాలదన్నట్టు, జంటలు కట్టేరోజున టైలరమ్మ లేచి, "నాకీ నాయన్ని ఇవ్వండి. ఒడ్డూ పొడుగూ ఉన్నాడు, నేను పడిపోతే లేపుతాడు," అంది. అందరూ నవ్వారు. డ్రైవరు ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

ఇద్దరూ మందిరం దాటి రోడ్డెక్కారు.

"ఆ కాలరేంటి నాయనా, అట్లా పడుకుంది? కుట్టినవాడికి అసలు మెడ ఉందా?"

"రెడీమేడు చొక్కా అమ్మా."

"అదీ సంగతి. రేపు తెచ్చివ్వు, సరిచేస్తా."

నా అనే దిక్కు లేని మనిషి అతను. ఈ మూడేళ్ళలో అతని చొక్కాలకి గుండీలు కుట్టిందీ, జ్వరమొస్తే గంజి పట్టుకొచ్చిందీ ఈవిడే. చెప్పేస్తే జైలు. జైలు సరే, అనుభవిస్తాడు. కానీ ఈవిడ మళ్ళీ నాయనా అని పిలవదు. ఆ ఒక్కటీ తలుచుకునే ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాడు.

రైలు గేటు వీధి బావురుమంటోంది. మూతపడిన మిల్లు, తుప్పు రేకుల షెడ్లు, ఒక పంక్చరు కొట్టు. మలుపు దగ్గర టైలరమ్మ ఆగింది.

"ఇక్కడేనట," అంది. "ఇవాళ ప్రార్థన నువ్వు చెయ్యి."

"నేనా? ఎప్పుడూ మీరేగా అమ్మా!"

"ఇక్కడ నావల్ల కాదు నాయనా."

డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, ఈ వీధిని..." అని మొదలుపెట్టాడు. "ఈ వీధిని..." అన్నాడు మళ్ళీ. మూసిన కళ్ళ ముందు ఆ కుర్రాడి చూపు కదిలింది. ఇక నిలబడలేక రోడ్డు మీదే కూలబడ్డాడు.

"నేనేనమ్మా. ఆ రోజు వ్యాను నాదే. దిగి చూశాను కూడా. వాడు బతికే ఉన్నాడు. వదిలేసి పోయాను."

టైలరమ్మ అతని వంకే చూస్తోంది. లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

"ఇటునించి ఇటే పోలీస్ స్టేషనుకి పోతానమ్మా. తిట్టండి, కొట్టండి, ఏదో ఒకటి చెయ్యండి. అలా చూడకండి."

"ఎత్తుకెళ్ళి ఉంటే బతికేవాడేమోరా," అంది ఆవిడ. అక్కడే, అతని పక్కనే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పంక్చరు కొట్టువాడు లేచి నిలబడి చూస్తున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు.

చాలాసేపటికి ఏడుపు ఆగింది.

"మీకు తెలీదు కదాని మూడేళ్ళు మీ పక్కనే నడిచానమ్మా," అన్నాడు డ్రైవరు తలెత్తకుండా. "మీ చేతి గంజి తాగాను. ఇంతకన్నా మోసం ఉంటుందా?"

టైలరమ్మ అరచేత్తో మొహం తుడుచుకుని, అతని భుజమ్మీద చెయ్యి వేసింది.

"పోయేముందు వాడు నీ పేరు చెప్పాడు నాయనా."