తలకిందుల ముఖం

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద వరసగా ఫోటోలు పరిచాడు.

మాస్టారు మొహం చిట్లించారు.

"ఇవెవరు తీశారు? ముక్కు నీడ మూతి మీదికొచ్చింది."

"ఫోటోల సంగతి తర్వాత మాస్టారూ. మిమ్మల్ని కొట్టి కొత్త కెమెరా ఎత్తుకెళ్ళినవాడు వీళ్ళలో ఉన్నాడా?"

నెత్తిన కట్టు ఇంకా విప్పలేదు. అయినా మాస్టారి దర్జా ఏమాత్రం తగ్గలేదు. ఊళ్ళో ఫోటో స్టూడియో ఆయనదే. పాతకాలపు పెట్టె కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని, దాని అద్దంలో తలకిందులుగా పడే ముఖాలను చూస్తూనే తల నెరిసింది. ఒకసారి చూసిన ముఖం మరిచిపోనని ఆయన గొప్ప చెప్పుకోగా వినని మనిషి ఊళ్ళో మిగల్లేదు.

ఫోటోలు ఒక్కొక్కటే చూసి పెదవి విరిచారు.

తర్వాత అన్నింటినీ తిప్పి తలకిందులుగా పెట్టారు. ఒకదాని మీద ఠపీమని వేలు పెట్టారు.

"వీడే."

"తిప్పితేగానీ గుర్తు రాలేదా?"

"నా బుర్రలో ముఖాలన్నీ అలాగే దిగుతాయి. మీకు అర్థం కాదులెండి."

అర్థం చేసుకోవాల్సిన అవసరం ఇన్‌స్పెక్టర్‌కూ కనపడలేదు. ఆ ఫోటోలోవాడు చెత్త ఏరుకునే మనిషి. దొంగతనం జరిగిన సాయంత్రం స్టూడియో సందులో పరుగెత్తుతూ దొరికాడు. ప్యాంటు తొడల మీదంతా నెత్తురు. వాడి తరఫున అడిగే దిక్కు లేదు. అలాంటివాడు దొరికితే ఇంకొకణ్ణి వెతికేంత ఓపిక ఎవరికుంటుంది?

కోర్టులో మాస్టారు ఇస్త్రీ కోటు వేసుకుని బోనెక్కారు.

"దొంగ ఎటునుంచి వచ్చాడు?" ముద్దాయికి కోర్టు ఇచ్చిన లాయరు అడిగాడు.

"నేను తలుపు తీశాను. లోపలున్నవాడు ఎదురుగా వచ్చి కొట్టాడు. ముఖం ఇంత దగ్గర్లో చూశాను."

"పొరపాటు పడి ఉండొచ్చు కదా?"

"మీ పెళ్ళి ఫోటో తీసింది నేనే. ఆ రోజు మీ ఎడమ చెంప మీద మొటిమ ఉంది. నేనే చెరిపేశాను."

కోర్టంతా నవ్వింది. లాయరు చెంప తడుముకుంటూ కూర్చున్నాడు.

ముద్దాయి చేతులు జోడించాడు. "అయ్యా, నేనొచ్చేసరికే మీరు..."

"నన్ను పలకరిస్తున్నాడేమిటి, చుట్టంలాగా?" మాస్టారు జడ్జి వైపు తిరిగారు. "వీడి కథలు వినడానికి నేను రాలేదండీ."

వాడి మాట పూర్తి కాకుండానే బోను దిగి వెళ్ళిపోయారు. మిగతాది జడ్జి విన్నాడు, నమ్మలేదు. అంతటి సాక్షి ముందు చెత్త ఏరుకునేవాడి మాట ఏపాటిది?

శిక్ష పడింది. ఆనాటి నుంచి స్టూడియోకి ఎవరొచ్చినా మాస్టారు ముందు ఆ కథ చెప్పి, తర్వాతే ఫోటో తీసేవారు.

వానాకాలంలో ఇన్‌స్పెక్టర్ ఫోటో తీయించుకోవడానికి వచ్చాడు.

"మీ దొంగ జైల్లో జ్వరమొచ్చి పోయాడు మాస్టారూ."

"పీడా పోయింది. కెమెరా ఎక్కడ దాచాడో చెప్పి చావాల్సింది. గడ్డం కొంచెం పైకి."

ఆ మధ్యాహ్నం మాస్టారు ఇంటికొచ్చి కళ్ళు మంటలన్నారు.

"పొద్దస్తమానం ఆ లైట్ల ముందు నిలబడితే మండవూ?" భార్య చుక్కల మందు తెచ్చి మంచం మీద కూర్చుంది. "తల ఇలా పెట్టండి."

మాస్టారు ఆవిడ ఒళ్ళో తల పెట్టి వెల్లకిలా పడుకున్నారు. ఆవిడ ముందుకు వంగింది.

"కదలకండి. ఏం కాదు."

గడ్డం పైన, నుదురు కింద. ఆవిడ ముఖం తలకిందులుగా ఆయన కళ్ళలోకి దిగింది.

"ఏమైందండీ, అలా బిగుసుకుపోయారు?"

మాస్టారు నెత్తి మీది పాత గాయం మచ్చ తడుముకున్నారు.

ఎదురుగా వచ్చి కొట్టినవాడి ముఖం ఎవరికైనా నిటారుగానే కనపడుతుంది. ఆ రోజు తనకు తలకిందులుగా కనపడింది, తన తలను ఒళ్ళో పెట్టుకుని, నెత్తురు కారకుండా అరచెయ్యి అదిమిపట్టి, "ఏం కాదయ్యా" అంటూ కూర్చున్నవాడి ముఖం.