ఉత్తుత్తి కోర్టు

“నోటీసు ఇచ్చినాకే బండి ఎత్తినారు మేడం. ఆమె లెక్కచెయ్యలేదు. తప్పు ఆమెదే” అంది ఎస్తేరు, తడుముకోకుండా.

తిరుపతిలోని ఆ లా కాలేజీలో ఆ రోజు పరిపాలనా చట్టం పాఠానికి ఉత్తుత్తి కోర్టు పెట్టారు. రోడ్డు పక్క ఇడ్లీ బండిని మున్సిపాలిటీ చెప్పాపెట్టకుండా ఎత్తుకుపోయిందన్నది కేసు. సిద్ధమ్మ మేడం జడ్జి. ఎస్తేరు మున్సిపాలిటీ తరఫు లాయరు, కుప్పయ్య బండామె తరఫు. ఖర్మ కాకపోతే, పక్క ఊరి మున్సిపల్ ఆఫీసులో జీతం తీసుకునే మనిషికి బండామె వకాల్తా ఏమిటి?

కానీ గెలవక తప్పదు. ఈ సబ్జెక్టు ఇదివరకే ఒకసారి తన్నింది. మళ్లీ తన్నితే లా పట్టా చేతికి రాక, ప్రమోషన్ ఇంకొకడి పాలవుతుంది.

“మీరేమంటారు కుప్పయ్యగారూ?” అంది మేడం.

“శిక్ష వేసే ముందు వాళ్ల మాట వినాల మేడం. అది సహజ న్యాయం. దొంగకైనా ఒక మాట చెప్పుకునే హక్కుండాది. ఈమెకు ఆ అవకాశమే ఇయ్యలేదు.”

“నోటీసు ఇచ్చినాక కూడా ఇయ్యలేదంటే ఎట్లన్నా?” ఎస్తేరు నవ్వింది. “ఆఫీసు ఫైల్లో కాపీ ఉండాది, చూసుకోండి.”

వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, తలపండిన ఉద్యోగిని మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది. మేడం మార్కులు వేయడానికి పెన్ను తీసింది. కుప్పయ్యకు ఒళ్లు మండింది.

“ఫైల్లో ఉంటే ఇచ్చినట్టేనా? బండి ఎత్తినాక రాసి, పాత తేదీ వేసి పెట్టింటారు.”

“మీరు చూసినారా ఏంది?”

“చూసేదేంది, రాసిందే నేను. పోయిన నెల మా ఊళ్లో, రైల్వే గేటు కాడ బండి ఎత్తినాక నా చేత్తోనే రాసి పెట్టినాను. ఆఫీసుల్లో ఏం జరుగుతాదో నాకు చెప్తావా నువ్వు?”

క్లాసు గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. ఎస్తేరు పుస్తకంలో ఏదో రాసుకుని కూర్చుంది. బండి తిరిగి ఇచ్చేయాలని మేడం తీర్పు చెప్పింది. కుప్పయ్యకు ప్రాణం లేచొచ్చింది. కాస్త నోరు జారిన మాట నిజమే, అయినా క్లాసులో మాట క్లాసులోనే పోతుందిలే అనుకున్నాడు.

అందరూ బయటికి పోతుంటే ఎస్తేరు దగ్గరికి వచ్చింది. కుప్పయ్యకు జాలేసింది.

“ఓడిపోతినే అని బాధపడొద్దమ్మా. ఇది ఉత్తుత్తి కేసే కదా.”

“బాధెందుకన్నా. ఆ మాట మీ నోటితో నలుగురిలో చెప్పించాలనే మేడం కాళ్లావేళ్లా పడి మున్సిపాలిటీ పక్క తీసుకున్నాను” అంది ఎస్తేరు. “నిజం కేసు సోమవారం ఉండాది. రైల్వే గేటు కాడ మీరెత్తింది మా అమ్మ బండి.”