పాత లాప్‌టాప్‌కి కొత్త ప్రాణం

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పరీక్ష గడువు అయిపోయింది. అయినా అది తిరుగుతూనే ఉంది.

ఉజ్వల రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. మొదటి కంపెనీ అలా పోయింది.

భర్త చైతన్య ఉద్యోగం ఊడిన దగ్గర్నుంచి ఆ ఇంటి ఆశలన్నీ ఉజ్వల మీదే. అతని వీసా పాస్ గడువు ముగిసేలోగా ఆమెకు ఉద్యోగం దొరికితే సింగపూర్‌లో ఉంటారు. లేకపోతే హౌగాంగ్‌లో ఫ్లాట్ ఖాళీ చేసి, కూతురు కీర్తికను మూడో క్లాసు మధ్యలో బడి మాన్పించి, పెట్టేబేడా సర్దుకుని గుంటూరు వెళ్లిపోవాలి.

కంపెనీలన్నీ ముందు ఆన్‌లైన్ పరీక్ష పెడుతున్నాయి. కోడింగ్ ఉజ్వలకు కొట్టినపిండి. వచ్చిన చిక్కల్లా లాప్‌టాప్‌తోనే. పెళ్లికి ముందు కొన్నది. ఆన్ చేసి, వెళ్లి కాఫీ కలుపుకుని తాగొచ్చినా దానికి ఇంకా నిద్ర వదలదు. అడిగి తెచ్చుకుందామంటే తెలిసినవాళ్లవన్నీ ఆఫీసు లాప్‌టాప్‌లే. కొత్తది కొనే రోజులా ఇవి?

ఫ్లాట్ల కింద రిపేరు షాపు పెట్టుకున్న టాన్ అంకుల్‌కి చూపించింది. ఆయన వెనక చిన్న మూత తీసి ర్యామ్ పెంచాడు. "నౌ కెన్ రన్ లా!" అన్నాడు సింగపూర్ యాసలో. నిజంగానే షాపులో అది లేడిపిల్లలా పరుగెత్తింది.

ఇంటికి తెచ్చేసరికి అత్తగారు భ్రమరాంబ కుంకుమ భరిణె పట్టుకుని ఎదురొచ్చింది. మనవరాల్ని చూసిపోదామని వచ్చి, కొడుకు ఉద్యోగం పోయిందని తెలిశాక మనసొప్పక ఆగిపోయిన మనిషి.

"కొత్తది వేయించావంటగా, ఇటు తే, బొట్టు పెడతా."

"వద్దత్తయ్యా! దాని మీద ఏమీ వేయకండి. పాడైపోతుంది." ఉజ్వల కాస్త గట్టిగానే అంది.

ఆవిడ మొహం చిన్నబోయింది.

మర్నాడు రెండో కంపెనీ పరీక్ష. సగం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత లాప్‌టాప్ మూలగడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం కొట్టినా తెర మీదికి రావడానికి బతిమాలించుకుంటోంది. చూస్తుండగానే గడువు ముగిసింది.

ఉజ్వలకు ఏడుపు ఆగలేదు. భ్రమరాంబ వచ్చి పక్కన కూర్చుంది.

"పోనీలేమ్మా. రాకపోతే మాననీ. మనకు ఊరు లేదా, ఇల్లు లేదా? అందరం పోదాం పద."

ఆ మాట ఉజ్వలకు ముల్లులా గుచ్చుకుంది. ఈవిడకు కావలసింది అదేనేమో!

టాన్ అంకుల్ ఈసారి పక్క మూత విప్పి పాత హార్డ్ డిస్కు తీసేసి, కొత్త ఎస్ఎస్‌డీ పెట్టాడు. కళ్లు మూసి తెరిచేలోగా ఆన్ అయింది. ఉజ్వల దాన్ని పసిపిల్లను మోసినట్టు ఇంటికి మోసుకొచ్చి, బల్ల మీద పెట్టి, స్నానానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

లాప్‌టాప్ వంటింటి గట్టు మీద ఉంది, తెరిచి. పక్కనే నీళ్ల చెంబు. భ్రమరాంబ చీర కొంగుతో కీబోర్డు గబగబా తుడుస్తోంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడింది. "ఏం లేదమ్మా. దుమ్ము పడితేనూ..."

ఇప్పుడే షాపు నుంచి తెచ్చిన లాప్‌టాప్ మీద దుమ్మా? ఆ సాయంత్రం మాదిరి పరీక్ష రాస్తుంటే అది మళ్లీ చతికిలపడింది.

"మీ అమ్మని పంపించేయండి" అంది ఉజ్వల మొగుడితో.

"అమ్మ అలా చేస్తుందా, ఉజ్జీ?"

"షాపులో బాగున్నది ఇంటికొచ్చేసరికి ఎందుకు చస్తోంది? మనల్ని ఊరికి లాక్కుపోవాలని ఆవిడ ఆశ. ఎల్లుండి ఆఖరి పరీక్ష. అది కూడా పోతే నేను బతకలేను."

చైతన్య తల్లి వైపు మాట్లాడలేడు, పెళ్లాం వైపు మాట్లాడలేడు. ఫోన్ తీసి తల్లి టికెట్ ముందుకు జరిపాడు.

భ్రమరాంబ ఎందుకని అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం చాంగీ ఎయిర్‌పోర్టులో కీర్తిక ఆవిడ కాళ్లకు చుట్టుకుపోయింది. "నానమ్మా, డోంట్ గో లా!"

ఆవిడ మనవరాలి చేతులు విడదీసి, కోడలి తల నిమిరింది.

"రేపు నీ పరీక్ష బాగా జరుగుద్ది తల్లీ. బయల్దేరే ముందు నా చేతనైంది నేను చేశాను."

ఎంత ధైర్యం! ఉజ్వల తల పక్కకు తిప్పుకుంది.

ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచింది. ఇక ముట్టుకునేవాళ్లు లేరు. హాయిగా రాసుకోవచ్చు.

కాసేపటికే అది పెనంలా కాలిపోయింది. తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ ఆరిపోయింది. దాన్ని గుండెకు హత్తుకుని లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

"అంకుల్, ప్లీజ్! టుమారో ఎగ్జామ్."

టాన్ అంకుల్ దాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఐయా, సో హాట్! ర్యామ్, డిస్క్ ఓన్లీ స్మాల్ కవర్. ఇన్‌సైడ్ ఐ నెవర్ లుక్. దిస్ టైమ్ ఓపెన్ ఆల్."

ఒక్కో స్క్రూ విప్పుతుంటే ఉజ్వల వంగి చూస్తోంది. ఈపాటికి అత్తగారి విమానం ఎగిరిపోయి ఉంటుంది. పోయేముందు లోపల ఏం పోసిపోయిందో, ఏం విరిచిపోయిందో!

కీబోర్డు పైనున్న జాలీలోంచి జారి, తిరగాల్సిన ఫ్యాన్ రెక్కల మధ్య ఇరుక్కుపోయినవాటిని పట్టకారుతో ఒక్కొక్కటే తీసి ఆయన ఉజ్వల అరచేతిలో పెట్టాడు: పసుపూ నెయ్యీ కలిపిన అక్షింతలు.