బొగ్గు వేషం

తిరుపతి గంగమ్మ జాతరలో ఒంటికి బొగ్గు పూసుకున్న వేషగాడు ఎవరిని తిట్టినా వారు కోపగించుకోరాదు. ఆ ఆచారం తెలిసిన అధికారి, రేణిగుంట దగ్గరి మామిడితోటలో కారు దిగి చిరునవ్వుతో నిలబడ్డారు.

సూర్యునిలో వలె పరమాణువులను కలిపి విద్యుత్తు తీయబోయే కంపెనీకి ప్రభుత్వం ఆ తోటను సేకరించి ఇస్తున్నది.

“నా తోట నరికి ఈడ సూర్యుణ్ణి పెంచుతావా? నీ ఇంట దీపం ఆరిపోను!” అని ఒళ్లంతా బొగ్గుతో ఉన్న రైతు మునిరామయ్య తిట్టాడు.

“తిట్టప్పా, తిట్టు! అమ్మవారి దీవెన,” అని అధికారి నవ్వారు. “జాతర కాగానే ముఖం కడుక్కుని తోట ఖాళీ చెయ్యి.”

“జాతర మొన్ననే అయిపాయ కదా సారూ.”

నవ్వు మాని అధికారి వెనుదిరిగారు. కారు చుట్టూ బొగ్గు పూసుకున్న మనుషులు నిలబడి ఉన్నారు. ఒక్కరూ తిట్టడం లేదు.